జాక్ స్టీన్: బొగ్గు గని నుంచి యూరోపియన్ కప్ దాకా.. లోకల్ కుర్రాళ్లతో ఇంటర్ మిలన్‌ను ఓడించిన కోచ్

ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్ గెలవాలంటే కోట్లు పోసి దేశదేశాల ప్లేయర్లను కొనాల్సిందే. కానీ 1967లో ఓ కోచ్ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లతోనే ఆ కప్పు కొట్టి చూపించారు. ఆయనే స్కాట్లాండ్‌కు చెందిన జాక్ స్టీన్.

1922లో గ్లాస్గో దగ్గర్లోని బర్న్‌బ్యాంక్‌లో పుట్టారు. తండ్రి గని కార్మికుడు. స్టీన్ కూడా చిన్నప్పుడే గనిలోకి దిగారు. 27 ఏళ్లు వచ్చేదాకా వారమంతా బొగ్గు తవ్వడం, శనివారం ఫుట్‌బాల్ ఆడటం.. ఇదే జీవితం. తర్వాత సెల్టిక్‌లో చేరి కెప్టెన్ అయ్యారు. చీలమండ గాయంతో ఆట ఆగిపోయింది. 1965లో అదే క్లబ్‌కు మేనేజర్‌గా తిరిగొచ్చారు.

1966-67 యూరోపియన్ కప్‌లో జ్యూరిచ్, నాంట్, వొయ్‌వొదినా, డుక్లా ప్రాగ్‌లను దాటి సెల్టిక్ ఫైనల్ చేరింది. మే 25న లిస్బన్‌లో ప్రత్యర్థి ఇంటర్ మిలన్. అప్పటికే రెండుసార్లు ఛాంపియన్. డిఫెన్స్‌లో గోడ లాంటి జట్టు. 7వ నిమిషంలోనే పెనాల్టీతో ఇంటర్ ముందుకెళ్లింది. స్టీన్ జట్టు తగ్గలేదు, అటాక్ ఆపలేదు. 63వ నిమిషంలో గెమ్మెల్, 84వ నిమిషంలో చామర్స్ గోల్స్ కొట్టారు. స్కోరు 2-1. ఈ కప్ గెలిచిన తొలి బ్రిటన్ క్లబ్ సెల్టిక్కే. ఆ 11 మందీ గ్లాస్గోకు 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లే!

1985 సెప్టెంబర్ 10న కార్డిఫ్‌లో వేల్స్‌తో వరల్డ్‌కప్ క్వాలిఫయర్. స్కాట్లాండ్ కోచ్‌గా స్టీన్ మైదానం పక్కనే ఉన్నారు. కావాల్సిన డ్రా దక్కింది. కానీ మ్యాచ్ చివర్లో కుప్పకూలిన ఆయన స్టేడియంలోనే కన్నుమూశారు. వయసు 62. సెల్టిక్ పార్క్‌లో ఓ స్టాండ్‌కు ఇప్పటికీ ఆయన పేరే.