నికొలస్ పెవ్‌స్నర్

సర్ నికొలస్ పెవ్‌స్నర్ (జనవరి 30, 1902 - ఆగష్టు 18, 1983) జర్మనీలో జన్మించి ఇంగ్లాండులో స్థిరపడిన సుప్రసిద్ధ కళా చరిత్రకారుడు. ఇంగ్లాండులోని చర్చిలను, కోటలను, పాత భవంతులను కౌంటీల (మన జిల్లాల వంటి విభాగాలు) వారీగా పరిశీలించి వెలువరించిన 'ది బిల్డింగ్స్ ఆఫ్ ఇంగ్లాండ్' గ్రంథమాల ద్వారా ప్రఖ్యాతి పొందాడు. శరణార్థిగా వచ్చిన ఈయన, తనకు ఆశ్రయమిచ్చిన దేశ ప్రజలకు వారి సొంత ఊరి చర్చి విలువను తెలియజెప్పాడు.

బాల్యం, విద్య

పెవ్‌స్నర్ లీప్‌జిగ్ నగరంలో, రష్యా మూలాలు గల యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి హ్యూగో ఫర్ చర్మాల వ్యాపారి. 1921లో పెవ్‌స్నర్ లూథరన్ క్రైస్తవ శాఖలో చేరాడు. 1923లో కరోలా (లోలా)ను వివాహమాడాడు. లీప్‌జిగ్‌లోని బరోక్ శైలి వర్తకుల గృహాలపై పరిశోధన చేసి 1924లో డాక్టరేటు పొందాడు. తరువాత డ్రెస్డెన్ చిత్రశాలలో సహాయకుడిగా, గాటింగెన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా పనిచేశాడు.

ఇంగ్లాండుకు వలస

1933లో నాజీ ప్రభుత్వం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగిస్తూ చట్టం చేసింది. ఆ చట్టానికి పుట్టుకే ప్రమాణం కావడంతో, మతం మారినప్పటికీ పెవ్‌స్నర్ ఉద్యోగం కోల్పోయాడు. అదే సంవత్సరం ఇంగ్లాండు చేరుకున్నాడు. కొంతకాలానికి భార్యాపిల్లలు కూడా వచ్చారు. 1940లో శత్రుదేశీయుడనే కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను కొన్ని నెలలు నిర్బంధ శిబిరంలో ఉంచింది. విడుదలయ్యాక లండన్ వీధులలో బాంబుదాడుల శిథిలాలను ఎత్తే కూలిపని చేశాడు. లీప్‌జిగ్‌లోనే ఉండిపోయిన తల్లి, నాజీల చేతికి చిక్కడం ఇష్టంలేక 1942లో ఆత్మహత్య చేసుకుంది. అదే ఏడాది ఐరోపా వాస్తుకళపై ఆయన రచించిన సంగ్రహ గ్రంథాన్ని పెంగ్విన్ సంస్థ ప్రచురించింది. ఆ రోజులలోనే లండన్‌లోని బిర్క్‌బెక్ కళాశాలలో బోధన ఆరంభించాడు. 1946లో బ్రిటిష్ పౌరసత్వం లభించింది.

గ్రంథమాల

జర్మనీలో ప్రాచీన కట్టడాల వివరాలు తెలిపే గ్రంథాలను గేయార్గ్ డెహియో అప్పటికే రూపొందించాడు. ఇంగ్లాండులో అటువంటివి లేకపోవడం పెవ్‌స్నర్‌ను ఆశ్చర్యపరచింది. 1945లో పెంగ్విన్ అధిపతి అలెన్ లేన్ ఎదుట ఈ ప్రతిపాదన ఉంచగా, ఆయన వెంటనే అంగీకరించాడు. తొలి సంపుటాలు 1951లోనూ, చివరిదైన స్టాఫర్డ్‌షైర్ సంపుటం 1974లోనూ వెలువడ్డాయి. మొత్తం 46 సంపుటాలలో 32 ఆయన ఒక్కడే రచించాడు. తక్కిన వాటిలో 10 ఇతరులతో కలిసి వ్రాసినవి.

సహాయకులు ముందుగా పుస్తకాల నుండి వివరాలు సేకరించి ఉంచేవారు. కళాశాల సెలవులలో పెవ్‌స్నర్ బయలుదేరేవాడు. లోలా కారు నడిపేది. పగలంతా ఊరూరా తిరిగి చర్చిలను, భవనాలను స్వయంగా చూసి, రాత్రి బసలో ఆనాటి విషయాలు ఆనాడే వ్రాసేవాడు. 1963లో లోలా మరణించిన తరువాత కూడా ఈ పని ఆగలేదు.

ప్రతి సంపుటంలో ఊర్లు అక్షరక్రమంలో ఉంటాయి. సాధారణంగా మొదట చర్చి వర్ణన, తరువాత ఇతర భవనాలు వస్తాయి. ఏ గోడ ఏ శతాబ్దానిది, కమాను ఏ శైలిది, కిటికీల రంగుటద్దాలు ఎప్పటివి, సమాధి శిల్పం ఎవరిది వంటి విషయాలు క్లుప్తంగా ఉంటాయి. అందువలన సామాన్య పాఠకుడు పుస్తకం చేతబట్టుకొని, చర్చి గోడలోనే దాని చరిత్ర చదువుకొనే వీలు కలిగింది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ చర్చిలో 13వ శతాబ్దపు శిల్పులు చెక్కిన ఓక్, ద్రాక్ష, మేపుల్ ఆకులపై ఆయన 1945లో ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకమే వ్రాశాడు.

విమర్శ

ఈ వర్ణనలు పొడిగా ఉన్నాయని, ఊరి మనుషుల ప్రస్తావన తక్కువని కొందరు విమర్శించారు. చర్చిలను ఎంతగానో ప్రేమించిన కవి జాన్ బెట్జమన్ వారిలో ముఖ్యుడు.

కట్టడాల పరిరక్షణ

విక్టోరియా రాణి కాలపు భవనాలను చాలామంది వికృతమైనవిగా భావించే రోజులలో, వాటి రక్షణకై 1958లో విక్టోరియన్ సొసైటీ ఏర్పడింది. వ్యవస్థాపకులలో పెవ్‌స్నర్, బెట్జమన్ ఇద్దరూ ఉన్నారు. 1964 నుండి 1976 వరకు పెవ్‌స్నర్ దానికి అధ్యక్షుడు. లండన్‌లోని యూస్టన్ రైల్వేస్టేషను మహాద్వారం 1961-62లో కూల్చివేతకు గురైంది. అయితే కూల్చివేత ముప్పును ఎదుర్కొన్న సెయింట్ పాంక్రస్ స్టేషనుకు, దాని హోటలు భవనానికి 1967లో మొదటి తరగతి రక్షిత కట్టడంగా గుర్తింపు లభించింది. ఇందుకై జరిగిన ఉద్యమంలో సొసైటీ కృషి ఎన్నదగినది. 2007 నుండి ఆ స్టేషను ఐరోపా రైళ్ళకు లండన్ కేంద్రమైంది.

చివరి రోజులు

పెవ్‌స్నర్ 1967లో బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణపతకాన్ని, 1969లో సర్ బిరుదును పొందాడు. 1983లో లండన్‌లో మరణించాడు. విల్ట్‌షైర్ కౌంటీలోని క్లిఫ్ పైపార్డ్ గ్రామ చర్చి ఆవరణలో, లోలా సమాధి వద్దనే ఆయనను ఖననం చేశారు. వేల్స్, స్కాట్లాండ్, ఐర్లాండ్‌లకు కూడా ఇటువంటి సంపుటాలు వెలువడ్డాయి. ఇంగ్లాండు సంపుటాల సవరణ 2024లో పూర్తయింది. నేటికీ ఈ గ్రంథాలను ఆంగ్లేయులు పెవ్‌స్నర్ అనే పేరుతోనే వ్యవహరిస్తారు.