వెన్నెలకంటి రాఘవయ్య

వెన్నెలకంటి రాఘవయ్య (జూన్ 4, 1897 - నవంబర్ 24, 1981) స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, సంఘసేవకుడు, రచయిత. నెల్లూరు జిల్లాకు చెందిన ఈయన తన జీవితంలో ఎక్కువ భాగాన్ని యానాదులు, ఎరుకలవారు మొదలైన గిరిజన, సంచార జాతుల అభ్యున్నతికి వినియోగించాడు. పుట్టుకను బట్టి కొన్ని జాతుల ప్రజలందరినీ నేరస్తులుగా పరిగణించిన బ్రిటిషు కాలపు నేరస్త జాతుల చట్టానికి వ్యతిరేకంగా కృషి చేసినవారిలో ఈయన ముఖ్యుడు. భారత ప్రభుత్వం 1973లో ఈయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

తొలి జీవితం

రాఘవయ్య 1897లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న నెల్లూరు జిల్లాలో జన్మించాడు. న్యాయశాస్త్రంలో పట్టభద్రుడై న్యాయవాద వృత్తి చేపట్టాడు. గాంధీజీ నాయకత్వంలో సాగిన జాతీయోద్యమం వైపు ఆకర్షితుడై అందులో పాల్గొన్నాడు. ఆ కాలంలో నెల్లూరు జిల్లా గాంధేయ కార్యక్రమాలకు పేరొందింది. పెన్నా నది ఒడ్డున పల్లిపాడులో నెలకొల్పిన ఆశ్రమాన్ని గాంధీజీ 1921లో స్వయంగా ప్రారంభించాడు. ఖద్దరు, అస్పృశ్యతా నివారణ, గ్రామసేవ వంటి నిర్మాణ కార్యక్రమాలు జిల్లాలో విస్తరించిన ఈ కాలంలో రాఘవయ్య యానాదుల సేవను తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నాడు.

నెల్లూరు యానాదులు

యానాదులు ప్రధానంగా నెల్లూరు జిల్లాలోను, దాని చుట్టుపక్కల జిల్లాలలోను నివసించే గిరిజనులు. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట దీవి వారి ప్రాచీన నివాసస్థానాలలో ఒకటి. 1835లో ఈ దీవి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. అక్కడి అడవి మద్రాసు నగరానికి వంటచెరకును సరఫరా చేసే వనరుగా మారింది. అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించుకునే యానాదులు ప్రభుత్వానికి ఆ సరుకులు తెచ్చిచ్చే కూలీలయ్యారు. మైదాన గ్రామాలకు చేరినవారు చేపలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, పాముకాటుకు నాటుమందు ఇవ్వడం, కట్టెలు కొట్టడం, పాలేర్లుగా పనిచేయడం జీవనాధారంగా చేసుకున్నారు.

పొలాలకు, తోటలకు, ఇళ్ళకు రాత్రి కాపలా కాయడం కూడా యానాదుల వృత్తులలో ఒకటి. గ్రామస్తులు తమ ధాన్యాన్ని వారి కాపలాలోనే ఉంచేవారు. అయినా ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా మొదటి అనుమానం యానాదుల గుడిసెల మీదికే పోయేది. ప్రజలలో ఉన్న ఈ అపనమ్మకానికి ప్రభుత్వ చట్టం తోడుకావడంతో వారి పరిస్థితి మరింత దుర్భరమైంది.

నేరస్త జాతుల చట్టం

బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్త జాతుల చట్టాన్ని చేసింది. మొదట ఉత్తర భారతదేశానికి పరిమితమైన ఈ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రంతో సహా దేశమంతటికీ విస్తరించింది. 1924లో దీనిని సవరణలతో కలిపి కొత్త చట్టంగా మళ్ళీ ప్రకటించారు. మన దేశంలో నేత, వడ్రంగం వంటి వృత్తులు తరతరాలుగా కులాన్ని బట్టి సంక్రమిస్తున్నట్లే దొంగతనం కూడా కొన్ని కులాలకు వంశపారంపర్య వృత్తి అని ఈ చట్టాన్ని సమర్థించిన అధికారులు వాదించారు.

ప్రభుత్వం ఒక జాతిని నేరస్త జాతిగా ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లదని ఏ న్యాయస్థానంలోను వాదించే వీలు లేదు. ఆ జాతివారి పేర్లను రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. పేరు నమోదైనవారు నిర్ణీత వేళలలో పోలీసుల ఎదుటనో గ్రామాధికారి ఎదుటనో హాజరు వేయించుకోవాలి. కొన్నిచోట్ల రాత్రి వేళ కూడా ఈ హాజరు తప్పనిసరి. అనుమతి చీటీ లేకుండా పొరుగూరికి పోవడం నేరం. మళ్ళీ మళ్ళీ శిక్ష పడినవారికి ఇతరులకంటె కఠినమైన శిక్షలు ఉండేవి. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో ఉంచే అధికారం కూడా ప్రభుత్వానికి లభించింది. ఇన్ని నిర్బంధాలు విధించడానికి ఆ వ్యక్తి నేరం చేసినట్లు రుజువు కావలసిన అవసరం లేదు. ఆ జాతిలో పుట్టడమే చాలు.

తెలుగు ప్రాంతంలో ఎరుకలవారు, కొన్ని ప్రాంతాల లంబాడీలు, యానాదులు, దొమ్మరులు మొదలైనవారు ఈ చట్టం పాలబడ్డారు. వీరిలో పలువురు అంతకు ముందు సరుకు రవాణాపై జీవించినవారు. లంబాడీలు వేలాది ఎద్దులపై ధాన్యాన్ని మోసుకుపోయి సైన్యాలకు కూడా అందించేవారు. ఎరుకలవారు సముద్రతీరం నుండి ఉప్పును గాడిదలపై, ఎద్దులపై లోపలి గ్రామాలకు చేర్చి ధాన్యానికి మారకం వేసేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో రోడ్లు, రైళ్ళు రావడంతోను, ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగియడంతోను ఈ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిపై ఆధారపడినవారి బ్రతుకును సైతం ఇరకాటంలో పెట్టింది. బ్రతుకుతెరువు పోగొట్టుకుని ఊరూరా తిరిగేవారిని ప్రభుత్వం స్థిరనివాసం లేని అనుమానితులుగా చూసింది.

సెటిల్‌మెంట్లు

1911 తరువాత మద్రాసు ప్రభుత్వం ఈ జాతులవారిని సెటిల్‌మెంట్లు అనే నిర్బంధ నివాసాలలో చేర్చింది. వీటిలో కొన్నింటి నిర్వహణను క్రైస్తవ మిషనరీ సంస్థలకు అప్పగించింది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం, బెజవాడ ఎదుట కృష్ణ ఒడ్డున ఉన్న సీతానగరం సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో నడిచాయి. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీదనే స్టువర్టుపురానికి ఆ పేరు వచ్చింది. నెల్లూరు జిల్లాలోని కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది.

సెటిల్‌మెంట్లలో పాఠశాలలు, వైద్యం, కొంత వ్యవసాయ భూమి ఉండేవి. వాటి వల్ల కొందరికి చదువు అబ్బింది. కాని అక్కడివారు అనుమతి లేకుండా బయటికి వెళ్ళరాదు. రాతి క్వారీలకు, చీరాలలోని పొగాకు కంపెనీకి ఈ సెటిల్‌మెంట్ల నుండి కూలీలు లభించారు. సంస్కరణ పేరిట మొదలైన ఏర్పాటు ఈ విధంగా చవకగా దొరికే కూలీల సరఫరాగా కూడా పనిచేసింది.

చట్టం రద్దుకు కృషి

రాఘవయ్య యానాదులను సంఘటితపరచి, వారి పిల్లల చదువు, ఇళ్ళ స్థలాలు, వెట్టిచాకిరి నుండి విముక్తి వంటి సమస్యలపై పనిచేశాడు. నేరస్త జాతుల సమస్యపై ప్రత్యేకంగా రచనలు చేశాడు. నేర ప్రవృత్తి రక్తంలో ఉండేది కాదని, ఆకలి నుండి, అవమానం నుండి, పోలీసు నిఘా నుండి పుట్టేదని ఈయన దృక్పథం. హాజరు కోసం ప్రతిరాత్రి ఠాణాకు పోవలసిన మనిషికి ఎవరూ పని ఇవ్వరు. పని దొరకనివాడు దొంగతనానికి దిగితే చట్టం చెప్పినదే నిజమైనట్లు కనిపిస్తుంది. ఈ విషవలయాన్ని ఛేదించాలంటే ముందు చట్టం పోవాలి. ఆ తరువాత భూమి, చదువు, పని కల్పించాలి.

1946లో టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయినపుడు రాఘవయ్య ఆ ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశాడు. ప్రకాశం ప్రభుత్వం 1947 మార్చిలో పతనమైంది. తరువాత ఓమందూరు రామస్వామి రెడ్డియార్ మంత్రివర్గ కాలంలో, 1947లోనే, మద్రాసు రాష్ట్రంలో నేరస్త జాతుల చట్టం రద్దయింది. 1949లో కేంద్రప్రభుత్వం అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫారసుల మేరకు 1952 ఆగష్టు 31న ఈ చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. అప్పటి నుండి ఈ జాతులను విముక్త జాతులు అని వ్యవహరిస్తున్నారు.

అయితే చట్టం రద్దైనంత మాత్రాన నిఘా పూర్తిగా తొలగలేదు. మద్రాసు రాష్ట్రంలో 1948లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1962లోను అలవాటుపడిన నేరస్తుల చట్టాలు వచ్చాయి. ఇవి జాతిని కాక వ్యక్తిని దృష్టిలో పెట్టుకుని చేసినవైనా, ఆచరణలో పోలీసుల చూపు పాత జాతుల మీదే నిలిచిందనే విమర్శ ఉంది.

ఆదిమజాతి సేవక సంఘం

గిరిజన సేవకుడు ఠక్కర్ బాపా 1948లో భారతీయ ఆదిమజాతి సేవక సంఘాన్ని స్థాపించాడు. రాఘవయ్య ఈ సంస్థ ముఖ్య నిర్వాహకులలో ఒకడు. నెల్లూరు కేంద్రంగా ఆంధ్రరాష్ట్ర ఆదిమజాతి సేవక సంఘం ద్వారా కూడా ఈయన పనిచేశాడు. సేవా కార్యక్రమాలతో పాటు గిరిజనుల చరిత్రను, ఆచారాలను గ్రంథస్థం చేయడాన్ని సంఘం కర్తవ్యంగా భావించాడు.

తెలంగాణ జిల్లాలలో గుర్తింపు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే సంవత్సరం సవరించిన షెడ్యూల్డు తెగల జాబితా ప్రకారం సుగాలీలు (లంబాడీలు), ఎరుకలవారు, యానాదులు ఆంధ్ర, రాయలసీమ జిల్లాలలో షెడ్యూల్డు తెగలు. కరీంనగర్ సహా తెలంగాణ జిల్లాలను మాత్రం ఈ గుర్తింపు నుండి మినహాయించారు. నెల్లూరులో బుట్టలు అల్లి, పందులు పెంచి, ఎరుక చెప్పి జీవించే కుటుంబానికి వర్తించే విద్యార్థి వేతనం, రిజర్వేషను, అదే పని చేస్తూ జగిత్యాలలోనో కోరుట్లలోనో నివసించే ఎరుకల కుటుంబానికి వర్తించలేదు. సిరిసిల్ల ప్రాంతపు లంబాడీ తండాల పరిస్థితీ అంతే. అనుమానించేటపుడు జాతినంతటినీ ఒక్కటిగా చూసిన వ్యవస్థ, హక్కు ఇచ్చే దగ్గర జిల్లాల సరిహద్దులు గీసింది.

1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం ఈ ప్రాంతీయ పరిమితులను తొలగించింది. 1977 జూలైలో అది అమలులోకి వచ్చి, తెలంగాణలోని లంబాడీలు, ఎరుకలవారు, యానాదులు షెడ్యూల్డు తెగలుగా గుర్తింపు పొందారు. అప్పటికి రాఘవయ్య వయసు 80 సంవత్సరాలు.

రచనలు

రాఘవయ్య ఆంగ్లంలో పలు గ్రంథాలు రచించాడు. వాటిలో కొన్ని:

ది యానాదీస్ (1962) - యానాదుల జీవనం, ఆచారాలు, చరిత్రపై సమగ్ర గ్రంథం.
నోమాడ్స్ (1968) - సంచార జాతుల గురించి.
ట్రైబ్స్ ఆఫ్ ఇండియా (రెండు సంపుటాలు, 1969, 1972) - సంపాదకత్వం.
ట్రైబల్ రివోల్ట్స్ (1971) - బ్రిటిషు పాలనపై గిరిజనులు జరిపిన తిరుగుబాట్ల చరిత్ర.

ఐరోపా రోమాలతో పోలిక

సంచార జాతులను పుట్టు నేరస్తులుగా చూడడం భారతదేశానికే పరిమితమైనది కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితం వాయవ్య భారతం నుండి వలసపోయిన రోమాలు ఐరోపాలో ఇదే విధమైన వివక్షకు గురయ్యారు. వారి భాష రోమానీ, లంబాడీల గోర్‌బోలీ లాగానే, ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది. నేటి రుమేనియా ప్రాంతంలో పందొమ్మిదవ శతాబ్దం మధ్య వరకు వారు బానిసలుగా ఉండేవారు. ఫ్రాన్సు 1912లో చేసిన చట్టం ప్రకారం సంచారులు శరీర కొలతలు, వేలిముద్రలు ఉన్న పుస్తకాన్ని వెంట ఉంచుకుని ప్రతి ఊరిలోను అధికారులకు చూపాలి. మద్రాసు రాష్ట్రంలో వేలిముద్రల రిజిస్టర్లు మొదలైంది కూడా దాదాపు ఆ సంవత్సరాలలోనే. జర్మనీలోని బవేరియా రాష్ట్రం 1926లో రోమాలపై ప్రత్యేక చట్టం చేసింది. నాజీ పాలనలో ఈ విద్వేషం సామూహిక హత్యాకాండగా పరిణమించింది. అందులో కనీసం రెండు లక్షల మంది మరణించారని, ఈ సంఖ్య అయిదు లక్షల వరకు ఉండవచ్చునని చరిత్రకారుల అంచనాలు. ఇది జాతి నిర్మూలన అని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1982లో గాని అంగీకరించలేదు.

1971లో లండన్ సమీపంలో జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభ, ఇతరులు పెట్టిన పేర్లను కాదని రోమా అనే పేరును స్వీకరించింది. భారతీయుడైన డబ్ల్యు. ఆర్. రిషి ఆ సభలో పాల్గొన్నాడు. ఆ తరువాత కూడా వివక్ష కొనసాగింది. చెక్ దేశంలో రోమా పిల్లలను మందబుద్ధుల పాఠశాలలకు పంపడం వివక్షేనని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2007లో తీర్పు చెప్పింది. ఫ్రాన్సులో 1912 నాటి పుస్తకం స్థానంలో 1969లో వచ్చిన సంచార పత్రాలు 2017లో రద్దయ్యాయి.

మరణం, అనంతర పరిణామాలు

రాఘవయ్య 1981, నవంబర్ 24న మరణించాడు.

చట్టపరంగా తొలగిన ముద్ర ప్రజల మాటల్లో ఇంకా మిగిలి ఉంది. 1991లో స్టువర్టుపురం పేరుతో రెండు తెలుగు సినిమాలు విడుదలయ్యాయి. వాటిలో ఒకదాని పేరే స్టువర్టుపురం దొంగలు. ఆ ఊరివారు చదువుకుని ఉద్యోగాలలో చేరినా, ఊరి పేరు చెప్పుకోవడానికి సంకోచించే పరిస్థితి చాలాకాలం కొనసాగింది. హేమలత లవణం స్థాపించిన సంస్కార్ సంస్థ ఈ ప్రాంతంలో పునరావాస కార్యక్రమాలు నిర్వహించింది.

ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘం 2007లో అలవాటుపడిన నేరస్తుల చట్టాన్ని రద్దు చేయవలసిందిగా భారతదేశానికి సూచించింది. విముక్త, సంచార జాతుల స్థితిగతులపై రెంకే కమిషను 2008లోను, ఇదాతే కమిషను 2018లోను నివేదికలు సమర్పించాయి. భూమి, స్థిరనివాసం, చదువు, ధ్రువీకరణ పత్రాలు - రాఘవయ్య కాలం నాటి ఈ సమస్యలు పెక్కు కుటుంబాలకు నేటికీ తీరలేదు.