నాణేలు చూసే కొలువు - నక్షత్రాలు చూసే వ్యాపకం

ఎంట్రన్స్ పరీక్ష మూడుసార్లు తప్పిన ఒక ట్రెజరీ ఉద్యోగి తన ఇంటి దగ్గరే టెలిస్కోపు నిలబెట్టుకుని, 37,215 సార్లు నక్షత్రాల వెలుగును అంచనా కట్టి అమెరికాకు లెక్క పంపారు. ఆయన పేరు రాధాగోవింద చంద్ర. వానాకాలపు మబ్బు రాత్రులను కూడా కలుపుకుని చూసినా సగటున రోజుకు మూడు లెక్కలు. అదీ ఒకటి రెండు సంవత్సరాలు కాదు, 35 సంవత్సరాలు.

రాధాగోవింద 1878 జూలై 16న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోరు వద్ద బాగ్‌చర్ గ్రామంలో పుట్టారు. చిన్నప్పుడు అమ్మమ్మ శారదాసుందరి చుక్కల మీద ఆసక్తి కలిగించింది. మన వైపు అవ్వలు మనుమలకు గొల్లకావడిని, పిల్లలకోడిని చూపించినట్టే. బడిలో బెంగాలీ వాచకంలో అక్షయకుమార దత్తు రాసిన పాఠం ఒకటి విశ్వం ఎంత పెద్దదో చెప్పేది. ఆ పాఠం ఆయనను పట్టుకుంది. మిగతా పాఠాలు మాత్రం పట్టుబడలేదు. ఎంట్రన్స్ మూడోసారి కూడా తప్పాక చదువు ఆగిపోయింది. 21వ ఏట పెళ్లయింది. జెస్సోరు కలెక్టరు ఆఫీసు ఖజానాలో ఉద్యోగం దొరికింది. నాణెం మంచిదో చెల్లనిదో చూసి చెప్పడం అక్కడి పని. మొదట్లో జీతం నెలకు 15 రూపాయలు.

పగలు ఖజానా, రాత్రి ఆకాశం. గురువు కోసం ఆయన దూరం పోనక్కరలేకపోయింది. జెస్సోరులోనే కాళీనాథ ముఖర్జీ అనే వకీలు ఉండేవారు. ఆయన నక్షత్ర పటాలు, పుస్తకాలు తయారు చేసిన మనిషి. ఆ పుస్తకాల పనిలో సాయం చేస్తూ రాధాగోవింద ఒక్కొక్క నక్షత్రాన్నీ గుర్తుపట్టడం నేర్చుకున్నారు. కొత్తగా ఈ పనిలోకి దిగేవారికి టెలిస్కోపు కంటే ముందు కావలసింది ఇదే. ఏ చుక్క ఎక్కడుందో తెలియనివాడికి ఎంత పెద్ద టెలిస్కోపు ఇచ్చినా గొట్టంలోంచి చీకటే కనిపిస్తుంది.

1910లో హేలీ తోకచుక్క వచ్చింది. చాలామంది భయపడ్డారు. రాధాగోవింద మామూలు బైనాక్యులర్స్ పట్టుకుని దానిని చూసి, చూసింది రాసి పత్రికకు పంపారు. అది చదివిన శాంతినికేతన్ అధ్యాపకులు జగదానంద రాయ్ ఆయనను టెలిస్కోపు కొనుక్కోమని ప్రోత్సహించారు. చిన్న జీతగాడికి అది తేలిక ఖర్చు కాదు. అయినా 1912లో ఇంగ్లండు నుంచి 3 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకున్నారు.

1918 జూన్‌లో ఒక రాత్రి గరుడ మండలం వైపు చూస్తుండగా, అంతకు ముందు లేనిచోట ఒక ప్రకాశవంతమైన చుక్క కనిపించింది. పటాలు సరిచూసుకున్నారు, పొరపాటు లేదు. నిజానికి అది కొత్తగా పుట్టిన నక్షత్రం కాదు. కంటికి ఆననంత మసకగా ఉన్న నక్షత్రం ఒక్కసారిగా భగ్గుమనడం. దీనినే నోవా అంటారు. ఇరవయ్యవ శతాబ్దంలో కనిపించిన నోవాలన్నింటిలో అదే ప్రకాశవంతమైనది. ఇతర దేశాల్లోనూ అదే సమయానికి అనేకమంది దానిని చూశారు. అయితే జెస్సోరులో ఆయనకు చెప్పినవారెవరూ లేరు. సొంతంగా కనిపెట్టారు.

ఆ సంగతి ఆయన అమెరికాలోని హార్వర్డు వేధశాలకు రాశారు. వేధశాల అధిపతి పికరింగ్ జవాబు ఇచ్చారు, నక్షత్ర పటాలు పంపారు. 1911లో అమెరికాలో మొదలైన చరతారల పరిశీలకుల సంఘంలో చేరే దారి అలా దొరికింది. ఆ సంఘాన్ని పెట్టిన ఆల్కాట్ కూడా వృత్తి రీత్యా వకీలే. జెస్సోరులో అలాంటి సంఘం ఏదీ లేదు. పోస్టాఫీసే ఆయనకు సంఘం.

చరతారలు అంటే వెలుగు పెరిగి తరిగే నక్షత్రాలు. మీరా అనే నక్షత్రం ఉంది. సుమారు 11 నెలలకొకసారి బాగా వెలిగి మామూలు కంటికి కనబడుతుంది, తరువాత టెలిస్కోపుకు తప్ప దొరకదు. దాని పక్కనే వెలుగు మారని నక్షత్రాలుంటాయి. వాటిలో ఏదానికంటే ఎక్కువ, ఏదానికంటే తక్కువ అని చూసి అంకె వేయాలి. తేదీ, టైము రాయాలి. చేసే పని అంతే. నాణేన్ని నాణెంతో పోల్చి చూసే చేతికి ఇది కొత్తకాదు. ఇటువంటి నక్షత్రాలు వేలాదిగా ఉన్నాయి, అన్నింటినీ రోజూ చూడడం పెద్ద వేధశాలల వల్ల కాదు. పైగా అమెరికాలో పగలు అయినప్పుడు బెంగాల్‌లో రాత్రి. అందుకే జెస్సోరు లెక్కకు అక్కడ అంత విలువ.

ఆయన పని చూసి సంఘం 1926లో ఆరు అంగుళాలకు పైబడిన టెలిస్కోపు ఓడ మీద పంపింది. చార్లెస్ ఎల్మర్ అనే సభ్యునిది అది. ముక్కూ మొహం తెలియని పల్లెటూరి మనిషికి ఇంత విలువైన వస్తువు పంపడం చిన్న సంగతి కాదు. రెండు సంవత్సరాల తరువాత ఫ్రెంచి ప్రభుత్వం కూడా ఆయనను గౌరవించింది.

దేశ విభజనలో జెస్సోరు పాకిస్తాన్‌కు పోయింది. పుట్టిన ఊరు, ఇల్లు వదులుకుని ఆయన కలకత్తా దగ్గరి బారాసాత్‌కు వచ్చారు. టెలిస్కోపు మాత్రం వదలలేదు. 70 ఏళ్లు దాటినా లెక్కలు ఆగలేదు. 1954 నాటికి ఇక ఒంట్లో శక్తి చాలక విరమించారు. అమెరికా వారిచ్చిన టెలిస్కోపును ఇంకొకరికి ఉపయోగపడాలని తిరిగి అప్పగించారు. అది వేణు బప్పు చేతికి చేరింది. బప్పు హైదరాబాదులో పెరిగినవారు, ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో ఉద్యోగి. తరువాత ఆ టెలిస్కోపు తమిళనాడులో జవాది కొండల మీది కావలూరు వేధశాలకు వెళ్లింది.

రాధాగోవింద చివరి రోజులు బీదరికంలో గడిచాయి. లెక్కలు పంపినంత కాలమూ వాటికి డబ్బు తీసుకోలేదు, ఆ సంఘంలో ఎవరూ తీసుకోరు. 1975 ఏప్రిల్ 3న బారాసాత్‌లో కన్నుమూశారు. తోకచుక్కల మీద ఆయన రాసిన పుస్తకం ఆయన పోయిన పదేళ్లకు గాని అచ్చు కాలేదు. 37,215 లెక్కలు మాత్రం సంఘం రికార్డుల్లో చేరాయి.