చౌడు నేల చచ్చిన నేల కాదు – హిల్గార్డ్ జీవితం మనకు చెప్పేది

వాన పడితే జిగట బురద. నాలుగు రోజులు ఎండ కాస్తే బండ. నీళ్లు కడితే పైనే నిలిచి మురికిగా ఉంటాయి తప్ప కిందికి ఇంకవు. నాగలి దిగదు. విత్తనం మొలిచినా పైపెంకు పగలగొట్టుకొని రాలేక లోపలే ముడుచుకొని చస్తుంది. అక్కడక్కడా నల్లగా నూనె పోసినట్టు మరకలు. ఇలాంటి నేలను మనవాళ్లు కారు చౌడు అంటారు. బంజరు పంపకాల్లో పేదవాడి వాటాకు చాలాచోట్ల వచ్చేది ఇదే. రికార్డులో మాత్రం అదీ భూమే, ఇచ్చిన ఎకరాల లెక్కలో అదీ కలుస్తుంది.

ఈ నేల గుట్టు విప్పడానికి బతుకులో సగం వెచ్చించిన మనిషి గురించి ఈసారి చెప్పుకుందాం. పేరు యూజీన్ హిల్గార్డ్. ఆయన మన దేశం వాడు కాదు, కూలీల పక్షాన నిలిచినవాడూ కాదు. అయినా ఆయన కనిపెట్టింది తెలుసుకోకపోతే నష్టం మనకే.

హిల్గార్డ్ 1833 జనవరి 5న జర్మనీలోని త్స్వైబ్రూకెన్ పట్టణంలో పుట్టారు. తండ్రి న్యాయాధికారి. పిల్లవాడికి మూడేళ్లు వచ్చేసరికి కుటుంబం అమెరికాకు వలసపోయి ఇల్లినాయ్ రాష్ట్రంలో బెల్‌విల్ దగ్గర సేద్యంలోకి దిగింది. పుస్తకాలు తప్ప నాగలి ఎరగని కుటుంబాలు అక్కడ చాలానే చేరాయి. ఇంట్లోనే చదువుకున్న హిల్గార్డ్ పైచదువుకు జర్మనీ తిరిగివెళ్లి, 1853లో హైడెల్‌బెర్గ్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు.

1855లో మిసిసిపీ రాష్ట్రంలో భూగర్భ పరిశీలన కొలువు దొరికింది. రాళ్లు, గనులు చూడమని పంపితే ఆయన కన్ను మట్టి మీద పడింది. ఏ నేలలో ఏ చెట్టు మొలుస్తుంది, దాన్నిబట్టి రైతు ఆ నేలను ఎట్లా అంచనా కడతాడు అన్నది శ్రద్ధగా రాసుకున్నారు. 1860లో అచ్చయిన ఆయన నివేదికలో ఒక భాగం భూగర్భం గురించి, ఇంకో భాగం సేద్యం గురించి. అది పత్తి రాజ్యం. నల్లజాతి బానిసల చేత పత్తి పండించడం, సారం పోగానే ఆ నేల వదిలేసి కొత్త నేల మీద పడడం అక్కడి దొరల పద్ధతి. నేల ఎట్లా పాడవుతున్నదో హిల్గార్డ్ చూశారు. అంతర్యుద్ధం వచ్చినప్పుడు మాత్రం బానిస యజమానుల పక్షాన ఉన్న ఆ రాష్ట్ర కొలువులోనే కొనసాగారు. ఇది దాచిపెట్టవలసిన సంగతి కాదు. మనిషిని ఉన్నదున్నట్టుగా చూడాలి.

1875లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచింది. అప్పుడు అక్కడ రైతులకూ విశ్వవిద్యాలయానికీ పడడం లేదు. సేద్యపు చదువు కోసమని ప్రభుత్వం ఇచ్చిన భూముల సొమ్ము వేరే చదువులకు పోతున్నదని గ్రేంజ్ అనే రైతు సంఘం గొడవపెట్టింది. హిల్గార్డ్ రైతుల మధ్యకు వెళ్లి మాట్లాడారు. మొదట అనుమానంగా చూసిన రైతులే తర్వాత మట్టినీ బావినీళ్లనూ ఆయన ప్రయోగశాలకు పంపడం మొదలెట్టారు.

ఆ మట్టిలో ఎక్కువగా వచ్చిన రోగం చౌడు. కాలిఫోర్నియా నడుమ శాన్ వాకీన్ లోయ ఉంది. తూర్పున సియర్రా నెవాడా కొండలు. అక్కడి నుంచి కింగ్స్, కవీయా, తులే, కెర్న్ వంటి ఏర్లు దిగి లోయలో ఒండ్రు పరిచాయి. ఏరు కాలక్రమంలో లోతుకు కోసుకుపోతే పాత ఒండ్రు పక్కన మెట్టులాగా మిగులుతుంది. అక్కడ వాన తక్కువ. రాయి అరిగి మట్టి అయ్యేటప్పుడు పుట్టే ఉప్పులు వాన ఎక్కువ పడే చోట సముద్రానికి కొట్టుకుపోతాయి. వాన చాలనిచోట మట్టిలోనే దిగబడిపోతాయి. చౌడు రావడానికి సముద్రం పక్కన ఉండనక్కర లేదని, అది మెట్ట దేశపు వాతావరణం పెట్టిన జబ్బని హిల్గార్డ్ స్పష్టం చేశారు.

దీనికి తోడు కాల్వలు వచ్చాయి. నీరు పారించారే గాని మురుగు పోయే దారి చూడలేదు. పాతాళంలో ఉన్న ఊటనీరు ఏటేటా పైకి లేచింది, ఉప్పును మోసుకొచ్చింది. నీరు ఆవిరై పోయింది, ఉప్పు మిగిలింది. కాల్వ తవ్వినప్పుడే మురుగు కాల్వ తవ్వకపోతే బంగారంలాంటి నేల కూడా చౌడు బారుతుందని 1880లలోనే ఆయన హెచ్చరించారు. మన దేశంలోనూ పడమటి యమునా కాల్వ కింద ఇదే జరిగింది. అక్కడ రైతులు రేహ్ అనే చౌడు గురించి 1850లలోనే మొరపెట్టుకున్నారు. హిల్గార్డ్ తన రచనల్లో కాలిఫోర్నియా చౌడునూ మన ఉత్తరాది రేహ్, ఊసర భూములనూ పక్కపక్కన పెట్టి చూశారు.

చౌడు అంతా ఒకటి కాదని ఆయన విడదీసి చెప్పారు. ఒకటి తెల్లగా పేరుకునేది, మనం పాల చౌడు అనేది. అందులో మామూలు ఉప్పులు ఎక్కువ. నీరు ఇంకుతుంది కాబట్టి, మురుగు దారి ఉంటే మంచినీళ్లు పెట్టి కడిగేయవచ్చు. రెండోది నల్ల చౌడు, మన కారు చౌడు. అందులో ఉండేది సోడా. రజకులు బట్టలకు వాడే చవుడు మట్టిలో ఉండేదీ ఆ గుణమే. ఈ సోడా కుళ్లిన ఆకు అలముల సారాన్ని కరిగించి పైకి తెస్తుంది, అందుకే ఆ నల్ల మరకలు. దీన్ని వట్టి నీళ్లతో కడిగితే బాగుపడదు.

ఎందుకు బాగుపడదో తర్వాతి వాళ్లు ఇంకా లోతుగా తేల్చారు. రష్యా శాస్త్రజ్ఞుడు కాన్‌స్టాంటిన్ గెద్రోయిట్స్ 1912 నుంచి ఈ పని మీదే కూర్చున్నారు. ఆయనకు 1927లో లెనిన్ బహుమతి ఇచ్చారు. బంకమట్టి రేణువు తన చుట్టూ సున్నం, మెగ్నీషియం, సోడియం వంటివాటిని పట్టుకొని ఉంటుంది. సున్నం ఎక్కువగా ఉంటే రేణువులు గుత్తులు కట్టి మధ్యలో సందులు ఉంటాయి. ఆ సందుల్లో నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది, వేరు పోతుంది. సోడియం చేరితే గుత్తులు విడిపోతాయి. తడి తగలగానే రేణువులు చెదిరి సందుల్లో కూరుకుంటాయి. ఇక నేల మూతపడ్డట్టే. రేణువు పట్టుకున్న వాటిలో సోడియం వంతు నూటికి 15 దాటితే, క్షార గుణం కొలిచే పి.హెచ్. అంకె 8.5 మించితే, దాన్ని కారు చౌడుగా లెక్కిస్తారు.

ఏటి మెట్ల మీద దీనికి ఇంకో మోసం ఉంది. పైన జానెడు లోతు మన్ను తేలిగ్గా, చక్కగానే కనిపిస్తుంది. దాని కిందనే సోడియం పట్టిన బంక గట్టిగా, నిలువు దిమ్మలుగా ఉంటుంది. పైమన్ను వానకు కొట్టుకుపోతే ఆ దిమ్మలు బయటపడి గడ్డి కూడా మొలవని బట్టతల మిగులుతుంది.

హిల్గార్డ్ చెప్పిన మందు జిప్సం. తులేరి దగ్గర 1880ల చివర ప్రయోగ క్షేత్రం పెట్టి అక్కడి నల్ల చౌడు మీద చేసి చూపించారు. జిప్సంలో ఉన్న సున్నం పదార్థం సోడాను విరగ్గొట్టి, కడిగితే పోయే మామూలు ఉప్పుగా మారుస్తుంది. ఆ ఉప్పును నీటితో కిందికి దింపి, మురుగు దారిన బయటికి పంపాలి. అదొక్కటే చాలదని, లోతుగా దున్నాలని, నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచాలని, చౌడుకు తట్టుకునే మేత మొక్కలు వేయాలని కూడా ఆయన చెప్పారు.

ఇంకో మాట ఆయన గట్టిగా చెప్పేవారు. చౌడు నేల సారం లేని నేల కాదు. వాన కడిగేయలేదు కాబట్టి పంటకు కావలసిన పొటాష్, సున్నం వంటివి అందులో మెండుగా మిగిలి ఉంటాయి. జబ్బు కుదిరితే మంచి నేలల సరసన నిలబడుతుంది. 1906లో వచ్చిన ఆయన నేలల గ్రంథం ఈ అనుభవమంతా ఒకచోట చేర్చింది. 1916 జనవరి 8న, 83 ఏళ్లు నిండిన మూడో రోజున, బర్క్‌లీలో ఆయన కన్నుమూశారు.

అయితే బాగుపడిన భూమి ఎవరికి దక్కింది? ఇది రసాయన శాస్త్రం జవాబు చెప్పే ప్రశ్న కాదు. తులేరి ప్రాంతంలోనే మసెల్ స్లూ అనే చోట, రైల్వే కంపెనీ మాట నమ్మి జనం బీడు మీద దిగారు. కాల్వలు తవ్వి సాగులోకి తెచ్చారు. ఎకరం రెండున్నర డాలర్ల నుంచి అని ప్రచారం చేసిన కంపెనీ, భూమి బాగయ్యాక దానికి ఎన్నో రెట్లు ధర కట్టింది. 1880 మే 11న జరిగిన కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. చెడ్డ భూములు బాగుచేసి తోటలు పెంచినవారిలో జపాన్ నుంచి వచ్చిన కూలీలు ఎంతోమంది. మన పంజాబీలు కూడా ఆ లోయలో కూలికి పోయారు. 1913లో ఆసియావాళ్లకు సేద్యపు భూమి సొంతం కాకూడదని కాలిఫోర్నియా చట్టమే చేసింది. హిల్గార్డ్ నేలను చూశారు గాని, ఆ నేల మీద వంగిన వీపులను పట్టించుకున్నట్టు కనిపించదు.

మన దగ్గర సంగతి కూడా చూద్దాం. చాలా ఏళ్ల కిందట మా ప్రాంతంలో వాగు పక్క మెరకలో కొన్ని కూలీ కుటుంబాలకు బంజరు వచ్చింది. పైమన్ను చూసి మురిసిపోయాం. ఉప్పు కనిపిస్తే కాల్వ నీళ్లు కట్టి కట్టి కడగమని మేమే చెప్పాం. జిప్సం మాట మాకు తెలియదు. ఉప్పు పోయింది, సోడియం మిగిలింది, నేల ఇంకా బిగుసుకుపోయింది. రెండేళ్లు నాట్లు చచ్చాక వాళ్లు కౌలు పేరుతో ఒక మోతుబరికి కారుచౌకగా వదిలేశారు. ఆయన జిప్సం తోలించి, మురుగు కాల్వ తీయించి వరి పండించాడు. పట్టాదారులే ఆ చేలో కూలికి పోయారు. తప్పు నేలది కాదు, మా తెలివితక్కువది.

బాగుచేయడం కుదిరే పనేనని మన దేశంలోనే తేలింది. 1969లో పెట్టిన కర్నాల్ చౌడు నేలల పరిశోధన సంస్థ చూపిన దారిలో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో లక్షల ఎకరాల కారు చౌడు జిప్సంతో సాగులోకి వచ్చింది.

కాబట్టి మన కార్యకర్తలు గుర్తుంచుకోవలసినవి ఇవి. భూమి చూపించినప్పుడు పైమన్ను చూసి ఒప్పుకోవద్దు. మోకాలి లోతు గుంట తీసి కింది బంక చూడండి. చిన్న పెళ్ల తీసి గాజు గ్లాసులో వాన నీళ్లలో వేయండి. కదపకుండానే చుట్టూ పాలలాగా చెదిరి, మరునాటికీ నీరు తేరకపోతే సోడియం ఉందని అనుమానించాలి. తర్వాత మట్టినీ బావి నీటినీ పరీక్షకు పంపండి. నీళ్లలోనే సోడా ఉంటే ఎంత జిప్సం వేసినా మళ్లీ మొదటికే వస్తుంది. జిప్సం ఎంతో పరీక్షే చెప్పాలి. దాన్ని పైమన్నులో కలిపి, నీరు నిలగట్టి, ఆ నీరు దిగాక జీలుగ వేసి కలియదున్నండి. మురుగు మాత్రం ఒక ఎకరం వాడు ఒంటరిగా తీయలేడు. అది పది చేల మీదుగా పోవాలి, అంటే పదిమంది కలవాలి, ప్రభుత్వం చేత తవ్వించాలి. అన్నిటికన్నా ముందు పట్టా కాగితం, హద్దురాయి చేతికి రావాలి. మూడు నాలుగేళ్లు చాకిరీ చేసి నేల బాగయ్యాక అది మనది కాదని ఎవరూ అనలేని విధంగా ఉండాలి.

చౌడుకు మందు ఏమిటో 1880లలోనే తెలిసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది పేదవాడి చేనికి చేరకపోతే, ఆ నేరం మట్టి మీద వేయడానికి వీల్లేదు.