కాటన్ దొర – రైలు కంపెనీల జామీను

కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టి పెరిగిన మనకు కాటన్ దొర అనగానే ఆనకట్టలు, లాకులు, వరిచేలు గుర్తుకు వచ్చును. ఆ మహనీయుని జీవితములో మరియొక అధ్యాయము కలదు. అది పొగబండిని గూర్చినది. ప్రైవేటు కంపెనీలు ప్రజాధనపు అండతో రైలు మార్గములు వేసి లాభము గడించుట న్యాయమా అను ప్రశ్నపై ఆయన దశాబ్దముల తరబడి వాదించినారు. ఆ వాదములో ఆయన ఓడిపోయినారు. గెలిచిన పనులకు విగ్రహములు నిలిచినవి గాని, ఓడిన వాదమును స్మరించువారు తక్కువ. అందువలన దానినే ఇక్కడ కొంత విపులముగా వ్రాయదలచితిని.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించినారు. తలిదండ్రులకు కలిగిన పదునొకండుగురు కుమారులలో ఆయన పదవవారు. అడిస్కంబు సైనిక విద్యాలయములో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమునకు ఎంపికై, 1821లో మన దేశమునకు వచ్చినారు. కావేరి పాయయైన కొల్లిడంపై 1836లో ఆయన కట్టించిన ఆనకట్టలు తంజావూరు సీమకు ప్రాణము పోసినవి.

రైళ్ల విరోధి అని పేరుపడిన ఈయనే మన దేశములో తొలి ఇనుపదారులలో ఒకదానిని వేయించినవారు! మద్రాసు వీధులకు కావలసిన రాతిని రెడ్ హిల్స్ నుండి చింతాద్రిపేట వైపు తెచ్చుటకు 1837 నాటికే ఆయన పట్టాలు పరిపించినారు. బొంబాయి నుండి ఠాణాకు 1853లో తొలి ప్రయాణికుల బండి నడచుటకు అది పదునారేండ్లు ముందు. తరువాత ధవళేశ్వరము వద్ద ఆనకట్టకు రాయి చేర్చుటకు కూడ ఇనుపదారినే వాడినారు. కనుక ఆయన తగవు పట్టాలతో కాదు, ఆ పట్టాల వెనుకనున్న లెక్కతో.

ఆ లెక్క ఆయనకు అంత ముఖ్యమగుటకు కారణము మన జిల్లాయే. నందన నామ సంవత్సరములో, అనగా 1832-33లో, గుంటూరు సీమను మహాక్షామము కబళించినది. డొక్కల కరువని పెద్దలు చెప్పుకొనునది అదియే. అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించిరని ఆనాటి అంచనాలు. ప్రక్కనే కృష్ణవేణి ప్రవహించి సముద్రములో కలియుచుండగా, ఒడ్డున మనుష్యులు ఆకలితో రాలిపోయినారు. 1847 నుండి 1852 వరకు గోదావరిపై ఆనకట్ట కట్టి చూపిన పిమ్మట కాటన్ మార్గమునే అనుసరించి, 1852-55 మధ్య బెజవాడ వద్ద కృష్ణపై కాప్టెన్ ఓర్ ఆనకట్ట నిర్మించినారు. దుగ్గిరాల లాకుల వద్ద చీలిన కాలువలు తెనాలి పరిసరములను తడిపినవి. కొమ్మమూరు కాలువ బాపట్ల వైపుగా సాగి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలిసినది. ఈ కాలువలు పొలమునకు నీరు ఇచ్చుటయే గాక పడవలకు దారియైనవి. ఒక్క ఖర్చుతో రెండు ప్రయోజనములు! కాటన్ సిద్ధాంతమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

ఇక రైళ్ల సంగతి. 1849లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము లండనులోని రెండు రైలు కంపెనీలతో ఒడంబడికలు చేసికొన్నది. ఆ షరతులు వినదగినవి. భూమిని ప్రభుత్వము ఉచితముగా ఇయ్యవలెను. వాటాదారుల పెట్టుబడిపై సాలుకు నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీపడవలెను. రాబడి తక్కువైనచో ఆ లోటు మన ఖజానా భరించవలెను. ఎక్కువైనచో ఆ మిగులులో సగమే ప్రభుత్వమునకు. కౌలు గడువు 99 సంవత్సరములు. కంపెనీకి ఆ మార్గము వలదనిపించినచో ఆరు నెలల నోటీసు ఇచ్చి, దానిని ప్రభుత్వమునకు అంటగట్టి, పెట్టుబడి సొమ్ము తిరిగి పుచ్చుకొనవచ్చును. పూచీకి మన తెలుగువారు వాడు జామీను, హామీ అను రెండు మాటలును ఉర్దూ ద్వారా వచ్చినవే. వ్యవహారములో జామీను పడువాడు అప్పు పుచ్చుకొన్న వానిని అదుపులో నుంచుకొనును. ఇచ్చట జామీను పడినది భారతదేశపు రైతు. కంపెనీని అదుపు చేయు అధికారము మాత్రము వానికి లేదు.

ఫలిత మేమి? నూరు రూపాయలు పెట్టిన వానికి బండి నడచినను, నడవకున్నను అయిదు రూపాయలు చేతికి వచ్చును. అట్టివానికి పొదుపు చేయవలసిన అగత్యమేమున్నది? మైలుకు 8,000 పౌన్లలో పూర్తి కాగలవనుకొన్న మార్గములు రెండింతలకు మించి వ్యయమును మ్రింగినవి. వడ్డీని లండనులో పౌన్లలో చెల్లించవలెను గనుక, 1870 తరువాత వెండి ధర పడి రూపాయి విలువ తగ్గినకొద్దీ భారము మరింత పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దము ముగియువరకు రైల్వేల వలన ఖజానాకు నికరలాభ మన్నది చేకూరలేదు.

ప్రసంగవశమున ఒక మాట. 2020లో భారత రైల్వే 109 జతల మార్గములలో 151 రైళ్లను నడుపుటకు ప్రైవేటు సంస్థలను ఆహ్వానించినది. ఈ పర్యాయము వడ్డీ హామీ లేదు. పైగా రాబడిలో వాటా ప్రభుత్వమునకు ఇయ్యవలెను. 2021లో టెండర్లు తెరువగా ముందుకు వచ్చినవారు ఒకరిద్దరే. ఆ ప్రయత్నము అంతటితో నిలిచిపోయినది. 1849 నాటి షరతులెంత తియ్యనివో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును.

1854లో ప్రకటించిన గ్రంథములో కాటన్ ఈ పద్ధతిని నిశితముగా ఖండించినారు. దేశమునకు వేగము కాదు, చౌక రవాణా ముఖ్యమని ఆయన వాదము. ధాన్యము, ఉప్పు, కలప మోయుటకు గంటకు ముప్పది మైళ్లు పరుగెత్తనక్కరలేదు. రైలు ధాన్యమును ఒకచోటి నుండి మరియొకచోటికి చేర్చునే గాని ఒక్క గింజనైన పండించదు. కాలువ రెండు పనులును చేయును. 1860లో మన దేశమును వీడి, 1861లో సర్ బిరుదు పొందిన తరువాత కూడ ఆయన ఈ వాదమును విడువలేదు.

అయితే చరిత్ర వ్రాయువాడు ఒక సంగతిని దాచరాదు. కాలువల విషయములో కాటన్ సైతము కంపెనీలనే నమ్మినారు. ఆయన యోచనల ననుసరించి 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పది లక్షల పౌన్ల పెట్టుబడిపై అదే నూటికి 5 జామీను పుచ్చుకొని, సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి, కర్నూలు–కడప కాలువ త్రవ్వినది. అది అనుకొన్నట్లు ఫలించలేదు. ఖర్చు పెరిగినది, నీరు పుచ్చుకొను రైతులు కరవైనారు. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చినది. రైలు కంపెనీలకు పట్టిన జామీను రోగమే తన కాలువ కంపెనీకిని పట్టినది! ప్రత్యర్థులు ఈ ఉదాహరణను ఊరక విడిచిపెట్టలేదు.

1876-78లో ధాత కరువు మద్రాసు రాజధానిని కుదిపివేసినది. రైళ్లున్నను లక్షలాది ప్రజలు మరణించినారు. కొనుటకు చేత డబ్బు లేనివానికి స్టేషనులో దిగిన బియ్యపు బస్తాలు ఏమి మేలు చేయును? కాలువలున్న గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రము నిలదొక్కుకొన్నవి. డెబ్బదియైదేండ్ల కాటన్ 1878లో పార్లమెంటు కమిటీ యెదుట నిలిచి తన వాదమును వినిపించినారు. కమిటీ దానిని అంగీకరించలేదు. ఆయన లెక్కలలో అతిశయోక్తి ఉన్నమాట నిజమే. దేశమంతట నౌకాకాలువలు త్రవ్వవచ్చునన్నది అందరి యెడల సాధ్యమగు ఆలోచన కాదు. రాయలసీమ రాతినేల డెల్టా కాదు గదా! కాని జామీనును గూర్చి ఆయన చెప్పినది క్రమముగా ప్రభుత్వమే ఒప్పుకొన్నది. 1869 తరువాత కొంతకాలము ప్రభుత్వము స్వయముగా మార్గములు నిర్మించినది. 1880లో ఈస్టిండియన్ రైల్వేను కొన్నది. ఆ తరువాత కూడ కంపెనీల పద్ధతి పూర్తిగా పోలేదు. హైదరాబాదు రాజ్యములో 1883లో ఏర్పడిన లండను కంపెనీ నిజాము ప్రభుత్వపు హామీపైననే 1889లో బెజవాడకు రైలు తెచ్చినది. నిజాము ప్రభుత్వము దానిని కొనుటకు 1930 వరకు పట్టినది.

వృద్ధాప్యమున కాటన్ ఇంగ్లండులోని డార్కింగ్ గ్రామసీమలో స్థిరపడి, నేలను లోతుగా త్రవ్వి పంట పెంచు పద్ధతులను తన తోటలో పరీక్షించుచు గడిపినారు. 1899 జూలై 24న, తొంబది యారవ యేట, కన్ను మూసినారు. సరిగా ఆ సంవత్సరముననే బెజవాడ–మద్రాసు మార్గము పూర్తియై తెనాలి, బాపట్లల మీదుగా రైళ్లు నడచినవి. తూర్పుతీరపు మార్గమును ప్రభుత్వమే నిర్మించినది గాని, 1901లో దక్షిణ భాగమును నడుపుటకు మద్రాసు రైల్వే కంపెనీకే అప్పగించినది.

తెనాలి నుండి రేపల్లెకు 1916లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కాలములో శాఖామార్గము వచ్చినది. కాటన్ కాలువల క్రింద పండిన వడ్లు ఇక పడవలెక్కుటకు బదులు బండ్లెక్కినవి. పడవ గెలుచునన్న ఆయన నమ్మకము ఆయన సొంత డెల్టాలోనే వమ్మైనది. ఆ కంపెనీ చేతి నుండి ఈ మార్గములను ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది 1944 ఏప్రిల్ 1న. అప్పటికి కాటన్ గతించి నలుబదినాలుగేండ్లు దాటినవి.