వారానికో మాత్ర వెనుక భీమవరం డాక్టరు

మీ ఇంట్లో ఎవరైనా కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నారా? అది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చలవే. రాజమండ్రి బడిలో, మద్రాసు వైద్య కళాశాలలో చదివి 1923లో అమెరికా వెళ్లారు. లెడర్లీ సంస్థలో ఫోలిక్ యాసిడ్‌ను, ఆపై దాన్ని అడ్డుకునే మందులను తయారు చేయించారు. మొదట పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడారు. 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు. కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో.

ఈ జబ్బులో మన యాంటీబాడీలే మన కీళ్ల మీద తిరగబడతాయి. ఈ మందు వాటి తయారీని తగ్గిస్తుంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలతో పుట్టేవీ కొంత తగ్గొచ్చు. అలాగని టీకా మానకండి. జబ్బు అదుపులో ఉంటే ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు మాత్ర ఆపమంటాం. మీ అంతట మీరు ఆపొద్దు. పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.