దీపంతో పాటు లెక్కల పుస్తకం

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే దీపం పట్టుకున్న తల్లి మనందరికీ గుర్తుకొస్తుంది. యూనిఫాం వేసుకున్నవాళ్ళం కాబట్టి, ఆమె వేసిన లెక్కల గురించి కూడా మనం తెలుసుకోవాలని నా మనవి.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కలవారింట పుట్టింది. ఇంట్లోవాళ్ళు వద్దన్నా వినకుండా నర్సు పని నేర్చుకుంది. క్రిమియా యుద్ధ సమయంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. ఎంత సేవ చేసినా ఆ చలికాలం మరణాలు ఆగలేదు. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు బాగుచేయించాకే బాగా తగ్గాయి.

యుద్ధం ముగిశాక విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కూర్చుని లెక్క తీసింది. తూటాలకన్నా రోగాలే ఎక్కువమంది జవాన్లను పొట్టన పెట్టుకున్నాయని తేలింది. తాను పనిచేసిన ఆసుపత్రి అంకెలూ దాచలేదు. 1858లో వాటిని రంగుల పటాలుగా గీసి పెద్దల ముందు పెట్టింది. 1860లో, ఆసుపత్రులన్నీ ఒకే నమూనా ఫారం నింపాలని ప్రతిపాదించింది.

అయితే 1863లో పెద్ద గొడవే అయింది. ఆమె పుస్తకంలో ఫార్ లెక్కల ప్రకారం లండన్ ఆసుపత్రుల్లో మరణాలు నూటికి తొంభై దాటాయి! ఏడాది మరణాలను, ఒక్కరోజు మంచాలమీద ఉన్నవారి సంఖ్యతో భాగించడమే కారణం. డాక్టర్లు మండిపడ్డారు, అది న్యాయమే. అంకె బయటపెట్టడం ఎంత అవసరమో, దేనితో భాగించామన్నదీ అంతే ముఖ్యం.

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి కంటోన్మెంట్లకు ప్రశ్నల ఫారాలు పంపించింది. భారత్‌లోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ తేల్చింది. మన కాటన్ దొర నీటిపారుదల పనులను ఆమె గట్టిగా సమర్థించిందంటే తెలుగువాళ్ళకి మరింత ఆప్తురాలే.

1910 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూసింది. ఆమె పేరిట 1973 నుంచి మన ప్రభుత్వం నర్సులకు పురస్కారాలిస్తోంది. ఢిల్లీలో ఏర్పడిన ఎన్.ఎ.బి.హెచ్. ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్లు, మందుల పొరపాట్లు లెక్కించమంటోంది. కానీ ఆ అంకెలు మామూలు రోగి కంట పడటం అరుదు. వాటిని సరిగ్గా లెక్కకట్టి, అందరికీ కనిపించేలా గోడమీద పెట్టిన రోజే ఆమెకు మనమిచ్చే అసలైన సెల్యూట్ అని నేననుకుంటాను.

జై హింద్!